గరిటె నాకుడు గవరయ్య

వినేవాళ్ళు ఊఁ కొడితేనే చెప్పేవాళ్ళకి ఊపిరి. ఊఁ కొట్టండి మరి.

అనగా అనగా, సముద్రం ఇప్పటికంటే రెండు కేకల దూరం ఇవతల ఉన్న కాలంలో, ఉప్పుమళ్ళ పక్కన ఒక పల్లె. ఆ పల్లెలో గవరయ్య అని ఒక ఉప్పుకూలి. పొద్దున్నే మళ్ళలో ఉప్పు లాగేవాడు. మధ్యాహ్నం బుట్టలు మోసేవాడు. సాయంత్రం ఇంటికొచ్చి పొయ్యి పక్కన చేరేవాడు.

అతని పెళ్ళాం అసిరమ్మ. ఆమె చేతి వంటంటే చుట్టుపక్కల ఏడూళ్ళూ చెవి కోసుకునేవి. పెళ్ళికి అసిరమ్మే వండాలి. పురుడుకి అసిరమ్మే వండాలి. అమ్మవారి సంబరానికీ అసిరమ్మే వండాలి. ఆమె చేపల పులుసు పెట్టిన బంతిలో విస్తళ్ళు కడిగినట్టుండేవి.

అసిరమ్మ ఏ ఊరికి వండడానికి వెళ్ళినా, గవరయ్య పని మానుకుని మరీ వెనకాలే వెళ్ళేవాడు. పొయ్యి పక్కన గొంతుక్కూచునేవాడు. మూత తీసేవాడు. గరిటెడు తీసి అరచేతిలో పోసుకుని జుర్రుకునేవాడు. ఆపైన, "ఇంకో గరిటె" అనేవాడు.

జనం విరగబడి నవ్వేవాళ్ళు. గరిటె నాకుడు గవరయ్య అని పేరు పెట్టారు. చిన్నపిల్లలు అతని వెంటపడి పాటలాగా పాడేవాళ్ళు. అందరికంటే ఎక్కువ నవ్వింది అతని సొంత అక్క పైడమ్మ.

"మాయమ్మ అన్నీ సరిగానే సేసింది గానీ, ఈడికి కడుపు అడుగు కుట్టడం మరిసిపోయిందర్రా!" అనేది.

గవరయ్య కూడా వాళ్ళతో కలిసి నవ్వేవాడు. అరచెయ్యి నాకి, "ఇంకో గరిటె" అనేవాడు.

ఒకనాడు గవరయ్య మడి గట్టు మీద అలుపు తీర్చుకుందామని కూచున్నాడు. కూచున్నవాడు మరి లేవలేదు.

పన్నెండో రోజు దినం. ఏడూళ్ళ నుంచీ జనం వచ్చారు. వంట అసిరమ్మే చెయ్యాలన్నారు.

"నా వల్ల కాదు" అంది అసిరమ్మ.

"నువ్వు కాపోతే ఎవులు సేస్తారు?" అన్నారు చుట్టాలు.

"నా వల్ల కాదు" అంది మళ్ళీ.

"ఆడు తిండిపోతోడే మరదలా! నీ సేతి కూడు కాపోతే ఆడి ఆత్మ ముట్టదు" అంది పైడమ్మ.

"నా వల్ల కాదు వదినా" అని మూడోసారీ అంది. దుఃఖంతో అంటోందనుకున్నారు. చెయ్యి పట్టుకుని లేపి, పొయ్యి ముందు కూచోబెట్టారు.

లోపల కుండలు ఉడుకుతున్నాయి. బయట గవరయ్య పిల్లలు ముగ్గురూ అయ్య సంగతులు చెప్పుకుంటున్నారు. "నా పెళ్ళినాడు తాళి కట్టే యేళకి అయ్య కనపడ్నేదు. యెతికితే పప్పు కుండ దగ్గిరున్నాడు" అంది పెద్దది. "మూతి మీసానికి పులుసు అంటించుకునే నన్ను ముద్దెట్టుకునేవోడు" అన్నాడు నడిపివాడు. చిన్నది బంగారి ఏమీ చెప్పలేకపోయింది. నవ్వబోయి ఏడ్చింది.

బంతి వేశారు. వడ్డించారు. జనం ముద్ద కలిపి నోట్లో పెట్టుకున్నారు.

అంతే. బంతంతా కొయ్యబారిపోయింది.

గుమ్మడికాయ దప్పళం సముద్రపు నీళ్ళలా ఉంది. పప్పులో ఉప్పన్నమాటే లేదు. చింతకాయ పచ్చడికి పళ్ళు జివ్వుమన్నాయి. ఏడూళ్ళ జనం నోట్లో ముద్ద పెట్టుకుని, మింగలేక, ఉమ్మలేక, ఒకరి మొహం ఒకరు చూసుకుంటూ ఉండిపోయారు. అసిరమ్మ వంట! అసిరమ్మ చేతి వంట ఇలా ఉందా!

"దెయ్యం పట్టింది" అన్నాడొకడు. "ఆడి ఆత్మే వొచ్చి సెడగొట్టీసింది" అన్నాడింకొకడు.

బంగారి విస్తట్లోంచి ముద్ద తీసుకుని వంటింట్లోకి పరుగెత్తింది.

"అమ్మా, ఇది తిని సూడు."

అసిరమ్మ తింది. నమిలింది. మింగింది. కూతురి మొహంకేసి చూసింది.

"బాగా నేదా?" అని అడిగింది.

బంగారికి అప్పుడు అర్థమైంది. తల్లి వెక్కిరించడం లేదు. తల్లికి నిజంగానే తెలీదు.

గుమ్మంలోకి జనం చేరారు. ఇంక దాచి లాభం లేదనుకుంది అసిరమ్మ. పొయ్యి ముందు నుంచి లేవకుండానే చెప్పింది.

"నా ఏడో యేట పెద్ద జొరం వొచ్చింది. ఆ జొరం పోతా పోతా నా నాలిక రుసి అట్టుకుపోయింది. ఉప్పు తెల్దు. పులుపు తెల్దు. తీపీ తెల్దు. ఎవులికీ సెప్పకు, సెప్తే మనువవ్వదు అంది మాయమ్మ.

"కాపరానికొచ్చిన మొదటి రోజు సేపల పులుసు ఎట్టాను. మీ అయ్య ముద్ద నోట్లో ఎట్టుకున్నాడు. కళ్ళంట నీళ్ళొచ్చాయి. ‘నువ్వు తిన్నావా?’ అన్నాడు. తిన్నాను, బాగుంది అన్నాను. నాకేసి అలా సూశాడు. ఆయనకి తెలిసిపోనాది. అత్తా, పైడమ్మ వదినా కాళ్ళు కడుక్కుని తిండానికొస్తన్నారు. మీ అయ్య కుండ దగ్గిరికి లాక్కున్నాడు. ఎత్తిన కుండ దించకుండా తాగీశాడు. మూడ్రోజులు పొట్ట అట్టుకుని తొంగున్నాడు."

పైడమ్మ నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. ఆ రోజు తమ్ముడి వీపు మీద కొట్టింది తనే. తిండిపోతు అని మొదట అన్నదీ తనే.

"ఆ నాటి నుంచీ నాకు నాలిక ఆయనే" అంది అసిరమ్మ. "గొంతు సవరిస్తే ఉప్పు సాల్నేదని. సెవి గోక్కుంటే పులుపు సాల్నేదని. ‘ఇంకో గరిటె’ అంటే వంట కుదిరింది, దించీమని. ఊరంతా నవ్వుతన్నారు, సెప్పీద్దారయ్యా అనీదాన్ని. ‘నన్ను నవ్వితే నాకేటి పోద్ది? నిన్ను నవ్వితే నీ సేతి కూడు ఎవులూ తినరు’ అనీవోడు. నలబై యేళ్ళు అదే మాట."

గవరయ్య వెంటపడి పాడిన పిల్లలు ఇప్పుడు మీసాలొచ్చిన మొగాళ్ళు. వాళ్ళు నేల చూపులు చూశారు.

అప్పుడు పైడమ్మ లేచింది. మూలనున్న పీట తెచ్చింది. తమ్ముడు గొంతుక్కూచునే చోట వేసుకుని కూచుంది.

"మరదలా, మళ్ళీ ఎసరెట్టు. నాకు నాలికుంది. నీకు సెయ్యుంది" అంది.

మళ్ళీ కుండలెక్కాయి. దప్పళం ఉడికింది. పైడమ్మ అరచెయ్యి చాచింది. అసిరమ్మ గరిటెడు పోసింది. పైడమ్మ జుర్రుకుంది. ఆ అరచెయ్యి చూసుకోగానే ఆమె గొంతు పూడుకుపోయి గురగురమంది.

ఉప్పు చాల్లేదనుకుని అసిరమ్మ గుప్పెడు తీసి కుండలో వెయ్యబోయింది.

పైడమ్మ గబుక్కున చెయ్యి పట్టుకుంది. "ఉప్పు కాదే పిచ్చిదానా! ఏడుపు!"

అప్పుడు నవ్వారు జనం. నవ్వుతూనే ఏడ్చారు. పొద్దువాలే దాకా ఒక్కరూ కదల్లేదు. గవరయ్య దినం భోజనం తిని, విస్తళ్ళు కడిగినట్టు చేసి వెళ్ళారు.

ఆ తర్వాత అసిరమ్మ చాలా ఏళ్ళు వండింది. పక్కన కొన్నాళ్ళు పైడమ్మ కూచుంది, తర్వాత బంగారి కూచుంది. నాలుక లేదని ఎవరూ ఆమెను పిలవడం మానలేదు.

ఇప్పటికీ ఆ ఉప్పుపల్లెల్లో పెళ్ళివంట దించే ముందు ఇంటి మొగాణ్ణి ఒకణ్ణి పిలిచి పొయ్యి పక్కన పీట వేస్తారు. మొదటి గరిటె అతని అరచేతిలో పోస్తారు. దాన్ని గవరయ్య వంతు అంటారు. పళ్ళెంలో ఇవ్వరు, అరచేతిలోనే ఇస్తారు.

అక్కడ ఎవరైనా ఎవర్నయినా తిండిపోతు అని నవ్వబోతే, ముసలమ్మలు నోటి మీద వేలేస్తారు.

"ఆగండర్రా. ఆడు ఆకలికి తింటన్నాడో, ఎవులి పరువు కోసం తింటన్నాడో, మీకేటి తెలుసు?" అంటారు.