బ్రేకుకి పువ్వు కట్టని ఊళ్ళు

ఊ కొట్టేవాళ్ళు దగ్గరికి జరగండి, నిద్రొచ్చేవాళ్ళు గోడకి ఆనుకోండి. అనగనగా ఒక సైకిలు. ఆ సైకిలు వెనక ఒక గంప. ఆ గంప నిండా గుడ్లు. వీటన్నిటికీ ముందు, చీర గోచీపోసి కట్టి, కొప్పులో చుట్టముక్క దోపుకుని, పైడమ్మ.

ఎప్పటి మాట అంటారా? సైకిలు కనబడితే కుక్కలు మొరిగే కాలం నాటి మాట.

కొండ మీద ఎగువూరు, కొండ కింద దిగువూరు. రెంటికీ మధ్య పెద్ద వాలు. వాలు చివర ఒక మలుపు. మలుపులో గట్టు లేని నుయ్యి. ఆ నుయ్యిని గుర్తు పెట్టుకోండి, దానితో పనుంది.

పైడమ్మది ఎగువూరు. సైకిలు నిజానికి ఆమె మొగుడు అసిరయ్యది. ఒక బస్తా నువ్వులిచ్చి ఎవరి దగ్గరో పాత సైకిలు తెచ్చుకున్నాడు. ఒక్కసారి ఎక్కాడు, ఒక్కసారి పడ్డాడు. "ఇది నా వొంటికి పడదే" అని కోళ్ళగూటికి చేరేసి చేతులు దులుపుకున్నాడు. మర్నాటి నుంచి కోళ్ళు దానిమీదెక్కి కునుకు తీయడం మొదలెట్టాయి.

"కోళ్ళే ఎక్కగా లేంది, నేనెక్కితే తప్పేటి?" అంది పైడమ్మ. పడింది, లేచింది, మళ్ళీ పడింది, మళ్ళీ లేచింది. ఊరంతా పళ్ళికిలించి చూసింది. ఆఖరికి నేర్చుకుంది. గంపకి గుడ్లెత్తుకుని దిగువూరి సంతకి బయల్దేరింది.

మొదటిసారి వాలు దిగుతూ బ్రేకు నొక్కింది. బ్రేకులున్నాయి గాని, అసిరయ్యలాగే, ఎంత నొక్కినా పలికేవి కావు. సైకిలు పోయిపోయి దారి పక్కనున్న గడ్డివాములో దూరింది. పైడమ్మకి ఏమీ కాలేదు. గుడ్లన్నీ పోయాయి.

రెండోసారి కాళ్ళు నేలకి రాస్తూ, పళ్ళు బిగబట్టి దిగింది. సంతకి చేరింది. హమ్మయ్య అనుకుని సైకిలు గోడకి ఆనించింది. ఒక మేకకి వీపు దురద పుట్టింది. ఆ దురద సైకిలుకేసి తీర్చుకుంది. గుడ్లన్నీ పోయాయి.

మూడోసారి ఎక్కడా గుద్దుకోలేదు, ఎక్కడా పడలేదు. సంతలో గంప మీద గుడ్డ తీసి చూస్తే, దారిలో గతుకులకి ఒకదానికొకటి తల మోదుకుని గుడ్లన్నీ పోయాయి.

పైడమ్మ గంప ముందు కూలబడింది. ఏడ్చింది, చుట్ట వెలిగించింది, ఆలోచించింది. లేచి తిన్నగా సైకిలు షాపు పెంటయ్య దగ్గరికి పోయింది.

అక్కడ అప్పటికే తవిటినాయుడున్నాడు. తవిటినాయుడంటే ఎగువూరి కుర్రవాడు. కొత్త సైకిలు, కొత్త మీసం. దిగువూరిలో ఉండే పైడమ్మ అక్కకూతురు సినతల్లిని అతనికి కుదుర్చుకున్నారు. అందుచేత పైడమ్మని అత్తా అంటాడు. పెళ్ళికొడుకు సైకిలెక్కి ముందు సాగడం, చుట్టాలంతా సైకిళ్ళ మీద వెనక రావడం ఆ రెండూళ్ళలో అప్పుడప్పుడే పట్టుకున్న సరదా. అందుకే అతను సైకిలుకి నగలు కొంటున్నాడు. నగలంటే నగలే మరి! రబ్బరు బంతి నొక్కితే పాం పాం అనే బూర కొన్నాడు. పిడులకి వేలాడే కుచ్చులు కొన్నాడు. కుడికొకటి, ఎడమకొకటి అద్దాలు కొన్నాడు. వాటిలో రోడ్డు కనబడకుండా మీసం కనబడేలా తిప్పుకున్నాడు.

"నీకేటి కావాలప్పా?" అన్నాడు పెంటయ్య. "కుచ్చులు కొత్తగా వొచ్చినాయి. ఎర్రవా, పచ్చవా?"

"బ్రేకు రబ్బర్లు తియ్యి."

పెంటయ్య డబ్బా ముందు పెట్టాడు. పైడమ్మ ఒక్కో రబ్బరూ తీసి గోరు దింపి చూసింది. గోరు దిగితే ఒళ్ళో వేసుకుంది. దిగకపోతే "ఇది ఎండిపోనాది" అని పక్కన పెట్టింది. వంకాయలు ఏరుకున్నట్టు డబ్బా అంతా ఏరింది.

"నీకెవరు సెప్పినారత్తా ఈ యవ్వారం?" అని నవ్వాడు తవిటినాయుడు.

"గుడ్లు సెప్పినాయి."

తరవాత స్టాండు అడిగింది. పెంటయ్య ఒంటికాలి స్టాండు చూపించాడు, తేలిగ్గా ఉంటుందన్నాడు. పైడమ్మ రెండుకాళ్ళ స్టాండు బిగించమంది. బిగించాక సైకిలు స్టాండు మీద నిలబెట్టి, తానే వెనక కూర్చుని, ఎగిరెగిరి చూసింది. సైకిలు కదల్లేదు.

"ఇనప గుదిబండ! ఇదెందుకు మొయ్యడం? ఎవరు సెప్పినారు?" అన్నాడు తవిటినాయుడు.

"గుడ్లు సెప్పినాయి."

ఆఖరికి షాపు మూల పారేసిన పాత ట్యూబు ముక్కలు అడిగింది. పెంటయ్య ఊరికే ఇచ్చాడు. ఆమె అక్కడే చతికిలబడి, వాటిని మంచానికి నులక అల్లినట్టు వెనక క్యారేజీ మీద అల్లింది. గంప ఆ అల్లిక మీద పెట్టి, అడుగునా పక్కలా ఎండుగడ్డి దట్టంగా కూరింది. గంప ఉయ్యాల్లో పిల్లలా మెత్తగా ఊగింది.

తవిటినాయుడు పొట్ట పట్టుకుని నవ్వాడు. "ఇదీ గుడ్లే సెప్పినాయేటి?"

"మరి? నీకు అద్దం సెప్తాది, నాకు గుడ్లు సెప్తాయి."

షాపులో ఉన్నవాళ్ళంతా గొల్లున నవ్వారు. తవిటినాయుడికి రోషం పొడుచుకొచ్చింది. "అలాగయితే పందెం! నా పెళ్ళిభోజనాలకి గుడ్లు నువ్వే తెచ్చీయి. దారిలో ఒక్కటి పగిలినా నీ సైకిలు నాది. నువ్వు మళ్ళీ సైకిలెక్కకూడదు. ఏటంటావు?"

"ఒక్కటీ పగలకపోతే?"

"నా బూర నీది."

"నీ బూర నాకెందుకు బాబూ? పగలకపోతే ఇంకెప్పుడూ నా సైకిల్ని చూసి నవ్వకు. అంతే సాలు."

పెంటయ్య సాక్షిగా పందెం కుదిరింది. అసిరయ్య సంగతి విని నెత్తి బాదుకున్నాడు. సైకిలు పోతే సంత పోయినట్టే. సంత పోతే కోళ్ళకి గింజలు లేవు, వాళ్ళకి గంజి లేదు. పైడమ్మకీ లోపల బెదురుగానే ఉంది. కాని ఆ రోజు నుంచి సంతకి పోయినప్పుడల్లా ఒక్క గుడ్డూ పగలకుండా పోయివచ్చింది. వాలు దిగేముందు సైకిలు ఆపి బ్రేకు మూడుసార్లు నొక్కి చూసేది. "ఉన్నావా? ఉన్నావా? ఉన్నావా?" అని అడిగేది. ఉన్నానని చేతికి తెలిస్తేనే దిగేది.

పెళ్ళిరోజు రానే వచ్చింది. ముహూర్తం మిట్టమధ్యాహ్నం. పైడమ్మ పొద్దున్నే గంప నింపుకుని అందరికంటే ముందు బయల్దేరింది. నెమ్మదిగా వాలు దిగి, మలుపు రాకముందే దారి పక్కన సైకిలు స్టాండు వేసింది. గంపలో చెయ్యి పెట్టి తడిమి చూసింది. ఒక్కటీ చిట్లలేదు. దిగువూరి పందిట్లో సన్నాయి ఇక్కడికే వినబడుతోంది. పందెం గెలిచినట్టే. ఆ సంతోషంలో చుట్ట వెలిగించింది.

అప్పుడే పైనుంచి పాం పాం అని వినబడింది.

పెళ్ళికొడుకు వస్తున్నాడు. సైకిలుకి బంతిపూలు, చేమంతిపూలు, జరీ కాగితాలు. చక్రాలు తప్ప ఇంకేమీ కనబడ్డం లేదు. బూర ఆగకుండా మోగుతోంది. ఎంత సరదా ఈ కుర్రోడికి అని మొదట నవ్వుకుంది పైడమ్మ. తరవాత ఆ మోతలో సరదా లేదని గ్రహించింది.

"అత్తా! తప్పుకో! తప్పుకో అత్తా! బ్రేకు పడ్డంనేదు!"

జరిగిందేమిటంటే, పొద్దున్న అతని అక్క ముచ్చటపడి సైకిలుని సింగారించింది. రెండు వైపులా పిడికీ బ్రేకు కడ్డీకీ కలిపి బంతిదండ చుట్టింది. ఒక చుట్టు కాదు, రెండు కాదు, దండ అయిపోయేదాకా చుట్టింది. ఇప్పుడు బ్రేకు ఎంత నొక్కినా పూలు నలుగుతున్నాయి గాని కడ్డీ కదలడం లేదు.

పైడమ్మ వెనక్కి చూసింది. గట్టు లేని నుయ్యి. ముందుకి చూసింది. మీద పడిపోతున్న సైకిలు. పక్కకి చూసింది. గంప.

పక్కకి తప్పుకుంటే గుడ్లు దక్కుతాయి, సైకిలు దక్కుతుంది, బతుకు దక్కుతుంది. ఆ కుర్రాడు దక్కడు. పందిట్లో పీట మీద కూర్చున్న సినతల్లి మొహం ఆమె కళ్ళముందు కదిలింది. చిన్నప్పుడు ఆ పిల్లని ఈ చేతులతోనే ఎత్తుకుని తిప్పింది.

"ఓలమ్మా, నా గుడ్లో!" అని ఒక్క కేక పెట్టింది. పెడుతూనే స్టాండు తన్ని, సైకిల్ని దారికి అడ్డంగా లాగి, మళ్ళీ స్టాండు వేసింది. రెండు బ్రేకులూ గట్టిగా బిగబట్టి, అవతలివైపు భుజం ఆనించి నిలబడింది.

తవిటినాయుడు వచ్చి గంపలో పడ్డాడు.

రెండుకాళ్ళ స్టాండు నేలని గీరింది గాని ఒరగలేదు. బ్రేకు రబ్బర్లు చక్రాన్ని కరిచిపట్టుకున్నాయి. ట్యూబుల అల్లిక సాగి, ఊగి, ఆగింది. ఎండుగడ్డి పెళ్ళికొడుకుని మెత్తగా పట్టుకుంది. అతని బూర మాత్రం ఊడి ఎగిరిపోయి నూతిలో పడింది. పాం అంది, బుడుంగుమంది, అంతే.

గుడ్లన్నీ పోయాయి.

తవిటినాయుడు గంపలోంచి లేచాడు. తల మీంచి సొన, మీసం మీంచి సొన, పట్టుపంచె మీంచి సొన. నూతికేసి చూశాడు.

"అత్తా... నీ గుడ్లు..." అన్నాడు.

"పోన్లే నాయినా. నువ్వు పగల్నేదు," అంది పైడమ్మ. అని రోడ్డు మీదే కూర్చుని, భయం తీరేదాకా ఏడ్చింది.

తరవాత లేచి, అతని బ్రేకుకి చుట్టిన దండని పళ్ళతో కొరికి తెంపి అవతల పారేసింది. వెనకనుంచి చుట్టాలు వచ్చి చేరారు. అందరూ కలిసి పందిట్లోకి నడిచారు. దిగువూరి ఆడవాళ్ళు పెళ్ళికొడుకుని చూసి "అబ్బో, ఎంత దిట్టంగా పూసినారమ్మా పసుపు!" అని ముచ్చటపడ్డారు. రెండు కుక్కలు అతని పంచె నాకుతూ వెంటపడ్డాకే వాళ్ళకి సంగతి తెలిసింది. గబగబా నాలుగు బిందెలు గుమ్మరించారు. ముహూర్తం దాటకుండా తాళి పడింది.

తాళి పడగానే పైడమ్మ తన సైకిలు తెచ్చి పందిట్లో స్టాండు వేసింది.

"పందెం ఓడిపోనాను అల్లుడా. తీసుకో."

తవిటినాయుడు బిత్తరపోయాడు. "అదేటత్తా! నా పానం నిలబెట్టినావు. నానెలా తీసుకుంతాను?"

"పగిల్తే నీదన్నావు, నేనొప్పుకున్నాను. ఒకటేటి, అన్నీ పగిలినాయి. రేపు ఎవరేనా పైడమ్మ మాట తప్పిందంటే నేను తలెత్తుకోగలనా?"

తీసుకోనంటాడతను, తీసుకోమంటుందామె. పెద్దలు గెడ్డాలు గోక్కున్నారు. అసిరయ్య పందిరి రాటని పట్టుకుని ముక్కు చీదుతున్నాడు. పెంటయ్య సాక్షి కదా, ఎవరికీ కనబడకుండా వంటల దగ్గరికి జారుకున్నాడు.

అప్పుడు పీట మీద తల వంచుకు కూర్చున్న పెళ్ళికూతురు తలెత్తింది.

"పందెంలో సైకిలు ఎవరికొచ్చినాది?"

"మీ ఆయనకి," అన్నారు పెద్దలు.

"మా ఆయనది నాది కాదేటి?"

"నీదే తల్లీ."

"అయితే నా సైకిలు మా సిన్నమ్మకి ఇచ్చేసినాను. ఎవరేనా కాదంటారేటి?"

ఎవరంటారు? పందిరంతా గొల్లున నవ్వింది. పైడమ్మ సినతల్లిని దగ్గరికి లాక్కుని నుదుటి మీద ముద్దెట్టుకుంది. ఆ పెళ్ళిలో భోజనాలకి గుడ్లు లేవు. కాని అంత బాగా తిన్న పెళ్ళి ఇంకోటి లేదని ఇప్పటికీ చెప్పుకుంటారు.

మర్నాడే తవిటినాయుడు పెంటయ్య షాపుకి పోయి కుచ్చులూ అద్దాలూ తిరిగిచ్చేశాడు. రబ్బర్ల డబ్బా ముందేసుకుని గోరు దింపి చూడటం మొదలెట్టాడు. ఆ తరవాత మలుపులో నూతికి తనే రాళ్ళు మోసి గట్టు కట్టాడు.

పైడమ్మ చాలాకాలం బతికింది. పళ్ళూడిపోయాక కూడా సంతకి సైకిలు మీదే పోయింది. ఒకరోజు మధ్యాహ్నం అరుగు మీద నడుం వాల్చి, పక్కన స్టాండు వేసిన సైకిలు మీద చెయ్యి వేసుకుని, అలాగే పోయింది. రెండూళ్ళ సైకిళ్ళూ కదిలివచ్చాయి. పాడెకి ముందు ఆమె సైకిలుని తవిటినాయుడు నడిపించాడు. అప్పటికి అతని మీసం నెరిసిపోయింది. మలుపు దగ్గర ఆగి, సైకిలు స్టాండు వేసి, ఆమె బ్రేకు నొక్కాడు. ఉన్నావా అన్నాడు. మళ్ళీ నొక్కాడు. ఉన్నావా అన్నాడు. మూడోసారి నొక్కాడు. వెనకున్న జనమంతా తమ తమ బ్రేకులు నొక్కి ఆ మాట అన్నారు.

అదీ సంగతి. ఈనాటికీ ఆ రెండూళ్ళలో పెళ్ళికొడుకు బండికి ఎక్కడైనా పూలు కడతారు గాని బ్రేకుకి కట్టరు. అందరూ చక్రం కింద నిమ్మకాయ పెడితే వాళ్ళు చక్రం ముందు ఒక కోడిగుడ్డు పగలగొడతారు. వాలు దిగేముందు ఎవరైనా సరే బ్రేకు మూడుసార్లు నొక్కి "పైడమ్మా, ఉన్నావా?" అంటారు.

ఇప్పుడు పెళ్ళికొడుకులు కార్లలో దిగుతున్నారు. అయినా కారు ముందు గుడ్డు పగలాల్సిందే, డ్రైవరు మూడుసార్లు బ్రేకు తొక్కాల్సిందే. బయటి ఊళ్ళ నుంచి వచ్చిన డ్రైవర్లు తెల్లమొహం వేసి, "ఇదేం ఆచారమండీ, ఎవరు చెప్పారు మీకు?" అని అడుగుతారు.

ముసలమ్మలు నవ్వి ఒకటే మాటంటారు.

"గుడ్లు సెప్పినాయి బాబూ. నువ్వు తొక్కు."