నక్కగారి ఇవాళ్టి రేటు

ఏటిగట్టు కింద చెరకు తోటల్లో కాపురముండే నక్కల్లో నాకు కాస్త పేరుంది. బుర్రంటే జంబుకరావుగారిదే అని నలుగురూ అంటారు. ఆ నలుగురిలో ముగ్గురు నన్ను ఎరగనివాళ్లు. నాలుగోవాణ్ణి నేనే.

అప్పట్లో మేము ఎండిపోయిన కాలువ తూములో ఉండేవాళ్లం. వేసవంతా చల్లగా హాయిగా ఉంటుంది గానీ, కాలువకి నీళ్లు వదిలితే ఇల్లూ వాకిలీ కొట్టుకుపోతాయి. పైగా మా ఆవిడకి నెలలు నిండాయి. పిల్లలు పుట్టేలోగా గట్టుమీద ఓ బొరియ తవ్వించాలని గవరయ్య మేస్త్రిని పిలిపించాను. గవరయ్య పందికొక్కు. తవ్వకంలో అతని తరవాతే ఎవరైనా.

మేస్త్రి ముందుకాలితో నేల గీరి చూసి పెదవి విరిచాడు.

"నేల రాయిలాగుందండి బావగారూ. మొత్తం పని గుత్తకిచ్చేస్తే పది పీతలండి. తవ్వకం, గడ్డి పరుపు, వెనక దొడ్డిదారి, అన్నీ నావేనండి."

పది పీతలంటే మాటలు కాదు. ఎండల్లో పీతలన్నీ నేల అడుక్కి దిగిపోతాయి. కన్నంలో తోక పెట్టి పూటంతా కూర్చుంటే ఎప్పటికో ఒకటి వచ్చి పట్టుకుంటుంది. అప్పుడు ఏడుస్తూ బయటికి లాగాలి. మా నక్కలకి పీతల వేట అంటే అదే. అయినా సరేనని మాట ఖాయం చేసుకున్నాను. వేటకి దిగేలోగానే తొలకరి కురిసింది.

తెల్లారి గట్టెక్కితే కాలు మోకాలి దాకా దిగబడింది. ఇంకొకరైతే కాలు లాక్కునేవారు. నాకు తెలివి తన్నుకొచ్చింది.

"నేల వెన్నముద్దలా ఉందే! ఇంత మెత్తటి నేలకి ఆ పాత రేటెందుకివ్వాలి?" అన్నాను మా ఆవిడతో.

"ఇచ్చేద్దురూ! పీతలు మన వాకిట్లోనే తిరుగుతున్నాయి. ఇవాళో రేపో కాలువకి నీళ్లు వదులుతారట."

"నీకు బేరాలు తెలీవు, ఊరుకో."

మేస్త్రి వచ్చాడు. నేను గొంతు సవరించుకున్నాను.

"చూడు గవరయ్యా, ఆ పది పీతల మాట ఎండాకాలం నాటిది. ఇప్పుడు నేల మెత్తబడింది. నీ పని సగం తగ్గింది. రేటూ తగ్గాలి."

"మాటనుకున్నాం గదండీ."

"అనుకుంటే? ఏ సరుకుకైనా ఇవాళ్టి రేటే రేటు."

"ఏ సరుకుకైనానా అండి?"

"ఏ సరుకుకైనా!"

"అయితే పాత గుత్త రద్దేనంటారా?"

"రద్దే!"

మేస్త్రి మీసాలు వణికాయి. భయపడ్డాడనుకున్నాను. నవ్వు ఆపుకుంటున్నాడని ఇప్పుడు తెలుస్తోంది.

"న్యాయమేనండి. పని సగమైంది కాబట్టి పదికి అయిదండి. అయితే అవి ఎండాకాలం పీతలండి. అప్పుడు ఒక్క పీత తెస్తే మా ఇంటిల్లిపాదీ పండగ చేసుకునేవాళ్లం. ఇప్పుడు చూడండి."

సరిగ్గా అప్పుడే ఓ పీత మా ఇద్దరి మధ్యనుంచీ పక్కకి పక్కకి నడుచుకుంటూ పోయింది. మేస్త్రి దానివైపు కన్నెత్తయినా చూడలేదు.

"ఇవాళ్టి రేటులో ఆనాటి పీత ఒక్కోదానికీ ఈనాటివి అయిదు పెట్టండి. అయిదైదులు ఇరవై అయిదండి బావగారూ."

వాన తవ్వకం రేటు తగ్గించిందని చూసిన నేను, అదే వాన నా చేతిలో సరుకు రేటూ తగ్గించిందని చూడలేదు. పాత మాట మీదుంటే చవకైపోయిన పీతలు పది పారేసి బయటపడేవాణ్ణి.

"పోనీ, పాత గుత్తే ఉంచుకుందాం మేస్త్రీ," అన్నాను, వీలైనంత పెద్దమనిషిలా.

"అది తమరే రద్దు చేశారు గదండీ."

ఇంకేదో వాదించబోయాను. ఇంతలో మా ఆవిడ కడుపు దాకా తడిసి, ఆయాసపడుతూ గట్టెక్కింది.

"ఏవండీ, తూములోకి నీళ్లొచ్చేశాయి. నాకు నొప్పులు మొదలయ్యాయి."

ఆ మొహం చూశాక నా బేరమంటే నాకే అసహ్యమేసింది. "తవ్వు గవరయ్యా, తవ్వు! ఇరవై అయిదూ ఇస్తాను," అన్నాను. మేస్త్రి మంచివాడు, పీతలు చూడకుండానే పనిలో దిగాడు. పిల్లలు పొడి గడ్డిమీద పుట్టారు. ఆ సమయానికి తండ్రినైన నేను కాలువగట్టున వానలో కూర్చుని, నన్ను చూసి కన్నాల్లో దూరిన పీతల కోసం ఒక్కో కన్నంలో తోక పెడుతున్నాను. పీత రేటు తగ్గింది గానీ పీత పట్టు తగ్గలేదు.

పిల్లలిప్పుడు పెద్దవాళ్లవుతున్నారు. మొన్న చిన్నది అడిగింది: "నాన్నా, అందరి నాన్నల తోకలకీ బొచ్చుంది. నీ తోకకి లేదేం?"

"ఈ ఇల్లు చవగ్గా కట్టించానమ్మా," అన్నాను. లోపల్నుంచి మా ఆవిడ నవ్వు వినబడింది.

నీతి: ఎదుటివాడి ధర తగ్గించమనే ముందు, మన చేతిలో సరుకు ఇవాళ ఎంత చేస్తుందో చూసుకోవాలి.