రోళ్ళ అంకమ్మ పిలిచిన గువ్వ

అనగనగా అంటే నిన్నా మొన్నా కాదర్రా, మా ముత్తవ్వ కూడా ఎవరో చెప్పగా విన్న మాట. సముద్రం ఒడ్డున ఒక ఊళ్ళో రోళ్ళు చెక్కే అంకమ్మ ఉండేది. రోలుకు గంట్లు పెడితే కొంగులో ఇన్ని నూకలు పోసేవాళ్ళు. అదే ఆమె బతుకు.

ఆ ఊళ్ళోనే రాహేలు. ఒక్కగానొక్క కూతురు ఎస్తేరు జ్వరమొచ్చి పోయింది. ఇక రాహేలు కూతురి సమాధి దగ్గర కూర్చుంది, లేవదు. అన్నం లేదు, నీళ్ళు లేవు.

"నా కొంగు పట్టుకోనిదే నిద్రపోని పిల్ల అంకమ్మక్కా. ఒక్కతే ఎట్లా పడుకుంటుంది? తెల్లదొరల పిల్లల సమాధులు చూడు, రాతిగువ్వలున్నాయి. వాళ్ళకు తోడుంది. నా బిడ్డ మీద గువ్వ వాలినాకే నేను గంజి ముట్టుకునేది."

ఈ పిచ్చితల్లి కూడా పోయేట్టుందే అని అంకమ్మ హడలిపోయింది. "నేను చెక్కుతానుండు" అనేసింది. గువ్వను చెక్కడం వాళ్ళ వంశంలోనే ఎవరికీ రాదు, అయినా అనేసింది.

ఉలి పట్టింది, సుత్తి ఎత్తింది, టకటకా టకటకా కొట్టింది. ఏమొచ్చింది? కోడిపెట్ట. ఇంకో రాయి తెచ్చింది. ఉలి పట్టింది, సుత్తి ఎత్తింది, టకటకా టకటకా కొట్టింది. తాబేలు. మూడో రాయి మీద, అబ్బో, అచ్చం గువ్వే వచ్చింది. ముక్కు ఒక్కటే మిగిలింది. టక్, తల ఊడి కింద పడింది.

అప్పటికి రాహేలు కూర్చోలేక పక్కకు ఒరిగిపోయింది. అంకమ్మకు ఏడుపొచ్చింది. తన చేతుల మీద తనకే ఒళ్ళుమండింది. "ఈ చేతులకు గుంట తప్ప ఏదీ రాదు" అని పిల్ల సమాధి బండ మీద గుంటే తవ్వింది. అరచేయంత గుంట. తవ్వాక గుంటను చూసింది, కొంగు ముడి చూసింది. ముడి విప్పి ఆ పూట నూకలన్నీ అందులో పోసేసింది. రాహేలును లేపి దూరంగా తీసుకుపోయింది.

"కదలకు" అంది.

అదిగో, వేపకొమ్మ మీంచి గువ్వ దిగింది. అటు చూసింది, ఇటు చూసింది, తుర్రున బండెక్కింది. నూకలు తిన్నది. తిన్నాక పోవాలి కదా? పోలేదర్రా! రెక్కలు ముడుచుకుని పిల్ల తలవైపు కూర్చుని గూగూ అని కూసింది. ప్రాణమున్న గువ్వ, దొరల పిల్లలకైనా లేని గువ్వ.

"వచ్చిందక్కా" అంది రాహేలు. అంకమ్మ తెచ్చిన గంజిచెంబు తనే అందుకుంది.

ఇక బిడ్డ పోయిన ప్రతి తల్లీ అంకమ్మ గుడిసె ముందే. అంకమ్మ ఎవరినీ కాదనలేదు, అడిగిన ప్రతి బండ మీదా గుంట తవ్వింది. ఆమె పోయిననాడు "మన చర్చి మనిషి కాదుగా" అని పెద్దలు నసిగితే, ఆ తల్లులే పాడె మోసుకొచ్చి పిల్లల మధ్యన పడుకోబెట్టారు.

ఇప్పటికీ అక్కడ సమాధుల పండక్కి కొవ్వొత్తి వెలిగించే ముందు గుంటలో నూకలు పోస్తారు. గువ్వ వాలేదాకా ఎవరూ మాట్లాడరు. వాలగానే తల్లి బండ మీద చెయ్యి వేసి, "అంకమ్మ పంపింది, ఇక పడుకోమ్మా" అంటుంది.