నోరు తిరగని పేరు

సుందరదాసు అయ్యగారి దగ్గర ప్రసంగం నేర్చుకుంటున్న అబ్నేరుకు బైబిల్లోని వంశావళులంటే విసుగు. ఒకరోజు అడిగేశాడు. "అయ్యగారూ, హజ్జెలెల్పోని అని ఒక పేరుంది. ముగ్గురు అన్నదమ్ముల పేర్లు చెప్పి, వాళ్ళ తోబుట్టువట, ఒక్క మాట అనేసి వదిలేశారు. ఆ పేరు ఎక్కణ్ణించి వచ్చిందో, అర్థమేమిటో పండితులే తలో మాట అంటున్నారు. ఆదివారం చదివేటప్పుడు దాటేస్తే ఎవరికి నష్టం?"

అయ్యగారు వాదానికి దిగే మనిషి కాదు. ఈస్టరు తెల్లవారుజామున సమాధుల దగ్గర చదివే పేర్ల పట్టీ అతని చేతిలో పెట్టి, ఈ ఏడు నువ్వు చదువు అన్నారు.

మా సంఘంలో ఒక ఆనవాయితీ ఉంది. పోయినవారి పేరు పైకి చదివాకే ఇంటివాళ్ళు ఆ సమాధి మీద కొవ్వొత్తి వెలిగిస్తారు. అబ్నేరు గొంతు మంచిది. ఆ సంగతి అతనికీ తెలుసు. జోరుగా చదువుతూ పోయాడు. మధ్యలో 'యెర్సిబ్బెత్తు, రెండేళ్ళు' అని కనిపించింది. ఇదేం పేరు, తప్పు పలికితే పదిమందీ నవ్వుతారనుకుని కిందున్న పేరు అందుకున్నాడు.

ప్రార్థన ముగిసింది. జనం ఇళ్ళకు కదిలారు. సున్నం వేసిన ఒక చిన్న సమాధి దగ్గర మాత్రం మార్తమ్మ అనే ముసలామె వెలిగించని కొవ్వొత్తి పట్టుకుని నిలబడే ఉంది.

"మా పాప పేరు రాలేదయ్యా," అంది. కోపంగా కాదు, తనే సరిగా వినలేదేమోనన్నట్టు. "నలభయ్యేళ్ళ నించీ వస్తా ఉండాను. వాళ్ళ నాయన పోయినాక దాని పేరు ఎత్తేవాళ్ళే లేరు. ఏడాదికి ఈ ఒక్కసారే నేను ఇనేది."

అబ్నేరుకు తల కొట్టేసినట్టయింది. ఏదో ఒకటి అనాలి గనక, "ఆ పేరుకు అర్థమేంటమ్మా?" అన్నాడు.

"నాకేం తెలుసయ్యా. వాళ్ళ నాయన యాడ పట్టుకొచ్చినాడో. పిలిస్తే పలికేది."

అతను పట్టీ మళ్ళీ తెరిచాడు. ఒక్కో అక్షరం కూడబలుక్కుంటూ, రెండుసార్లు తడబడి, ఆ పేరు గట్టిగా చదివాడు. మిగిలిన నలుగురిలో ఎవరూ నవ్వలేదు. మార్తమ్మ అగ్గిపుల్ల గీసింది.

ఇంటి దారిలో, "ఆదివారం ఆ అధ్యాయం మొత్తం చదువుతాను అయ్యగారూ," అన్నాడు అబ్నేరు.

"చదువు నాయనా," అన్నారు అయ్యగారు. "హజ్జెలెల్పోని దగ్గర కాస్త మెల్లగా చదువు. వాళ్ళమ్మ వింటుంటుంది."