మునసబు తోలిన మంద

కొర్రపాడులో బుట్టలల్లే సుంకులమ్మకు వేళ్లు వంగడం మానేశాయి. ఇక తేనె అమ్ముకుని బతుకుదామని పాత కుండకు మైనం పూసి పెరట్లో బోర్లించింది. తేనెటీగలు వచ్చి కాపురం పెట్టాయి. తేనె ఇంకా పట్టకముందే ఊరంతా లొట్టలేసింది.

మునసబు వీరభద్రప్ప మాత్రం పంచాయితీ పెట్టించాడు. "ఏమే, నీ ఈగలు నా నువ్వుచేలో మేస్తున్నాయి. పరాయి చేలో మేసిన మంద బందెలదొడ్డికే పోవాల. ఆ కుండ నాకిచ్చెయ్!"

పెద్దలు తలలూపారు. మునసబు ఏమన్నా ఊపుతారు, మెడలకు అలవాటు.

"న్యాయమే సామీ," అంది సుంకులమ్మ. "కానీ మేసింది కుండ కాదు గదా! మేసే మందను చేను గలవాడే దొడ్డికి తోలుకురావాలని మన ఊరి కట్టుబాటు. మీరు తోలుకురాండి, కుండ తెచ్చి మీ కాళ్లకాడ పెడతా."

మునసబు కర్ర పట్టుకుని చేలోకి పోయి, నువ్వుపూల మీద ఝాడించాడు. తిరిగొచ్చాక, గొంతు వినేదాకా సొంత భార్యే ఆయన్ను పోల్చుకోలేదు.

"మందేది సామీ?" అన్నారు పెద్దలు.

మునసబు వాచిన మూతితోనే చెప్పాడు. "నా చేలో ఏ ఈగా మేయలేదు."

పెద్దలు తలలూపారు.