తెడ్డు పట్టినవారి మాట

పెద్ద నది మీద ఒక పడవ పోతోంది. అందులో దేశానికొకరు చొప్పున వచ్చిన యువతీయువకులు కూర్చుని ఉన్నారు. నది ఎవరిది అన్న ప్రశ్నకు సాయంత్రంలోగా జవాబు ఆలోచించి తీసుకురమ్మని పెద్దలు వాళ్ళను ఒడ్డునుంచి సాగనంపారు.

పెద్దలు ఒక నియమం కూడా పెట్టారు. పడవలో ఉన్నది ఒకటే తెడ్డు. మాట్లాడేవాళ్ళు దాన్ని ఒడ్డుకు కనబడేలా నిలువుగా పట్టుకోవాలి. అది చేతిలో లేనివాళ్ళు వినాలి. ఒకరి మాటకు ఒకరు అడ్డు రాకపోతే లోకంలో సగం తగవులు తీరతాయని పెద్దల నమ్మకం. నియమం మంచిదే. అంతసేపూ పడవ నడిపేదెవరని మాత్రం ఎవరికీ తోచలేదు. చర్చలకు పంపేవాళ్ళకీ, వెళ్ళేవాళ్ళకీ ఇలాంటివి తోచవు.

పడవ వెనక చివర ద్వీపం నుంచి వచ్చిన అమ్మాయి కూర్చుంది. ఏటేటా సముద్రం ఆమె ఊరిని కొంచెం కొంచెంగా మింగేస్తోంది. "మేం మునిగిపోతున్నాం అని చెప్పిరా తల్లీ. ఇంకేం చెప్పకపోయినా ఫర్వాలేదు" అని అమ్మమ్మ మరీ మరీ చెప్పి పంపింది. ఆ ఒక్క మాట కోసమే ఆమె వచ్చింది.

ముందుగా మహానగరం నుంచి వచ్చిన యువకుడు తెడ్డు అందుకున్నాడు.

"మిత్రులారా, నది ఎవరిది అని అడిగే ముందు, నది అంటే ఏమిటో తేల్చుకుందాం. నీళ్ళా? గట్లా? ప్రవాహమా?"

అందరూ బాగుందన్నట్టు తలలూపారు. అతను చెబుతూనే ఉన్నాడు.

ద్వీపం అమ్మాయికి పడవ కొట్టుకుపోతున్న దిక్కున దూరంగా ఒక హోరు వినిపించింది. నీళ్ళు ఎత్తునుంచి కిందికి పడే చప్పుడది.

"ఆగండి, ముందు..."

"మీ చేతిలో తెడ్డు లేదు" అన్నాడు మహానగరం యువకుడు, ఎంతో మర్యాదగా.

ఆమె నోరు మూసుకుంది. గోల చేస్తే అసలు వంతే ఇవ్వరేమోనని భయం. అమ్మమ్మకు ఏం ముఖం చూపిస్తుంది? పక్కనున్న ఎడారి అమ్మాయి చెవి దగ్గరికి వంగి, "ఆ చప్పుడు వింటున్నావా?" అంది.

"గాలి కాదూ? మా ఊళ్ళో గాలి ఇలాగే అరుస్తుంది."

"కాదు. నీళ్ళు."

ఎడారి అమ్మాయి పడవ అంచు గట్టిగా పట్టుకుంది.

తెడ్డు చేతులు మారుతూ వచ్చింది. అందుకున్న ప్రతివాళ్ళూ ముందువాళ్ళకు కృతజ్ఞతలు చెప్పి మొదలుపెట్టారు. ఒడ్డున పెద్దలు చిన్నగా అయిపోయి, చివరికి కనబడకుండా పోయారు. తెడ్డు మాత్రం వాళ్ళకోసం ఇంకా నిలువుగానే ఉంది.

ఎట్టకేలకు ద్వీపం అమ్మాయి వంతు వచ్చింది. అమ్మమ్మ మాట నోటిదాకా వచ్చింది. చెప్పడానికి ఎంతోసేపు పట్టదు. కాని చెబితే దానిమీద చర్చ మొదలవుతుంది. ఆమెకు ఏడుపొచ్చింది. మాట మింగేసి, తెడ్డు నీళ్ళలో ముంచి బలంకొద్దీ వెయ్యసాగింది. పడవ ముక్కు మెల్లగా ఒడ్డువైపు తిరిగింది.

"ఆవిడ ఏమీ మాట్లాడడం లేదే" అన్నారెవరో.

"మాట్లాడనివారి వంతు దాటిపోతుంది కదా" అంటూ మహానగరం యువకుడు వచ్చి తెడ్డు పట్టుకున్నాడు. ఆమె వదల్లేదు. పెనుగులాటలో పడవ ఒరిగింది. అందరూ నీళ్ళలో పడతారని ఆమే చెయ్యి వదిలేసింది.

అతను పడవ ముందుకు వెళ్ళి తెడ్డు పైకెత్తాడు. "ఆమె చేసిన పని చాలా లోతైనది. దాని అర్థమేమిటో ఇప్పుడు ఆలోచిద్దాం."

ఆమె వంగి, రెండు చేతులూ నీళ్ళలో పెట్టి తొయ్యసాగింది. ఎడారి అమ్మాయి కూడా వంగింది. తర్వాత ఇంకొకరు, ఇంకొకరు.

"ఎవరూ వినడం లేదా?" అన్నాడతను కోపంగా.

ఎవరూ తలెత్తలేదు. అతని మాట ఆగిపోయింది. అప్పుడు వినబడింది హోరు. తెడ్డు దించి, అటూ ఇటూ తిప్పి చూశాడు.

"దీన్ని ఎలా వెయ్యాలి?"

"ఇటివ్వు!" అని ఆమె కేకేసింది.

హోరులో ఆ మాట అతనికి అందలేదు. తెడ్డు చంకలో పెట్టుకుని, చెవి వెనక చెయ్యి పెట్టి ముందుకు వంగాడు. ఇప్పుడు నిజంగానే వింటున్నాడు.