మేకుల్లేని పడవలు

అనగా అనగా సముద్రపొడ్డున మొగలిరేవు అనే రాజ్యం, దానికో రాజు, ఆ రాజుకు ముగ్గురు కొడుకులు. పెద్దవాళ్లిద్దరూ మహావీరులు. చిన్నవాడు కేతనుడు మాత్రం, చెప్పకూడదు గానీ, ఓడెక్కితే వాంతి చేసుకునేవాడు. అందుకని ఒడ్డునే ఉండి, పడవలు కుట్టే నూకరత్నం అనే బెస్తపిల్ల పక్కన కూర్చుని పీచుతాడు పేనేవాడు. అవునర్రా, కుట్టడమే. అక్కడి బెస్తవాళ్లు పడవకు మేకు కొట్టరు, చెక్కకూ చెక్కకూ కొబ్బరితాడుతో కుట్లు వేస్తారు.

ఇలా ఉండగా ఏడు సముద్రాల అవతల నుంచి ఝంఝాముఖుడనే మాంత్రికుడు పెద్ద తెరచాపల ఓడలో దిగాడు. తడిసిన తెరచాపలు ఆరబెట్టుకోవడానికి జానెడు ఇసుక ఇమ్మని బతిమాలాడు. పోనీలే పాపమని రాజు ఇచ్చాడు. ఇంకేం, ఏకై వచ్చినవాడు మేకై కూర్చున్నాడు. తెరచాపలు ఆరేలోగా కోట లేచింది, కోట మీద వాడి జెండా లేచింది. తన సెలవు లేనిదే ఎవరూ వల వేయకూడదని చాటింపు వేయించాడు.

జనం తిరగబడ్డారు. పెద్దన్న ఫిరంగుల ఓడేసుకుని యుద్ధానికి వెళ్లాడు. మాంత్రికుడు తన ఓడ ముందు కొసన నిలబడి మంత్రం చదివాడు. ఎదురుగా ఉన్న ఓడలో మేకులన్నీ ఊడిపోయి, ఓడ విడిపోయి, పెద్దన్న మాంత్రికుడి ఓడలో బందీ అయ్యాడు. రెండో అన్న అంతకన్నా పెద్ద ఓడేసుకుని వెళ్లాడు. అతని గతీ అంతే అయింది. అమావాస్యలోగా లొంగకపోతే ఇద్దరినీ సముద్రంలో ముంచేస్తానని మాంత్రికుడు కబురంపాడు. ముసలి రాజు అన్నం మానేశాడు.

తండ్రిని అలా చూడలేక కేతనుడు సముద్రపొడ్డుకొచ్చి కూర్చున్నాడు. ఒకప్పుడు అతను వల కోసి వదిలిపెట్టిన తాబేలు ఒడ్డుకొచ్చి, మాంత్రికుడి ప్రాణం చిలకలో ఉందనీ, ఆ చిలక వాడి ఓడ తెరచాప స్తంభం కొసన ఇనుప పంజరంలో ఉందనీ చెప్పింది. మంత్రం వాడి మొహానికి ఎదురుగా ఉన్న ఇనుము మీదే పారుతుందని కూడా చెప్పింది. కేతనుడు పరుగెత్తి వెళ్లి నూకరత్నానికి చెప్పాడు.

"మన పడవల్లో ఇనుమెక్కడుంది?" అంది నూకరత్నం. "నువ్వెక్కు చినబాబూ. కక్కుకుంటే కక్కుకున్నావు."

తెల్లారేసరికి కుట్టు పడవలన్నీ బయల్దేరాయి. మాంత్రికుడు మంత్రం చదివాడు. ఒక్క కుట్టూ ఊడలేదు. గొంతు పెంచి మళ్లీ చదివాడు. బెస్తవాళ్లు పకపకా నవ్వుతూ ఓడను చుట్టి దాని వెనక్కి పోయారు. అక్కడ కేతనుడు పడవంచు పట్టుకుని వాంతి చేసుకుంటూ, మధ్యమధ్య ఊపిరి తీసుకుని మాంత్రికుణ్ణి వెక్కిరించాడు. వాడికి ఒళ్లు మండిపోయింది. గిరుక్కున వెనక్కి తిరిగి, ఇప్పుడు మొహానికి ఎదురుగా ఉన్నది తన ఓడేనన్న సంగతి మరిచి, మూడోసారి చదివాడు.

వాడి ఓడలో మేకులే జలజలా రాలాయి. చెక్కలు తేలాయి, అన్నలిద్దరూ తేలారు, పడవలవాళ్లు చేతులందించి లాక్కున్నారు. పంజరం విడిపోయి చిలక ఎగిరొచ్చి, నూకరత్నం చూపించిన జామకాయ మీద వాలింది.

చెక్క పట్టుకుని వేలాడుతున్న మాంత్రికుడు ప్రాణభిక్ష పెట్టమన్నాడు. నూకరత్నం చిలక మెడ నులిమేద్దామంది. కేతనుడు వద్దన్నాడు.

"జానెడు ఇసుక అడిగావు, జానెడు చెక్క ఇస్తున్నాం. దాని మీద మీ ఊరు పో. చిలక మాత్రం ఇక్కడే ఉంటుంది."

రాజు ఆ పూట కొడుకులందరితో కూర్చుని కడుపునిండా తిన్నాడు. అన్నలిద్దరూ పట్టుబట్టి తమ్ముణ్ణి గద్దెనెక్కించారు. కేతనుడికీ నూకరత్నానికీ పెళ్లయింది, ఊరేగింపు పడవలోనే జరిగింది. పెళ్లికొడుకు దారంతా కక్కుతూనే ఉన్నాడు, జనం నవ్వుతూనే ఉన్నారు. వాళ్లు పిల్లాపాపలతో చాలాకాలం రాజ్యమేలారు. ఎవడైనా ఓడలో వచ్చి జానెడు ఇసుక అడిగితే, రాజు నోరు విప్పకముందే చిలక పకపకా నవ్వేది.

కథ ఒడ్డుకు చేరింది, ఇక దిగండర్రా.